అందరి పటము – దాని కట్టుబాట్లు

నాంపల్లి స్టేషనులో దిగి ఆబిడ్సు చేరగోరు గ్రామస్థునకు ఈ కాలమున చేతిలోని ఫోనే దారి చూపుచున్నది. అట్టి పటములలో ఒకటి ఏ కంపెనీదియు, ఏ ప్రభుత్వముదియు కాదు. స్వచ్ఛంద సేవకులు కూర్చిన ఆ పటము పేరు ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్. 2004లో స్టీవ్ కోస్ట్ అనునతడు ఇంగ్లండులో దీనిని ప్రారంభించెను. సరోజినీ నాయుడు నివసించిన నాంపల్లి గోల్డెన్ త్రెషోల్డు భవనమైనను, మారుమూల పల్లెలోని చెరువు గట్టయినను, చూచినవారెవరైనను ఇందు చేర్పవచ్చును.

ఊరి చెరువు అందరిదే. అయినను తూము ఎత్తుట నీరటి పని. ఈ పటమునకును అట్టి కట్టుబాటు కావలసివచ్చినది.

ఆదివారమునాడు ఆబిడ్సు కాలిబాటపై పాత పుస్తకము కొన్నవానికి పుస్తకము దక్కును గాని, దానిని తిరిగి అచ్చువేయు హక్కు దక్కదు. పటములును అంతే. కంపెనీ పటమును చూచి వీథి పేరు ఎత్తివ్రాయరాదు. ఆ వీథిలో నిలిచి, బోర్డు చదివి వ్రాయవచ్చును. పేరు ఒకటే కదా యని కొందరందురు. కాని ఎత్తివ్రాతలు పెరిగినచో పదిమంది శ్రమయు వివాదమున పడును.

మొదట వాడిన లైసెన్సు పుస్తకములకు, చిత్రములకు తగినదే గాని సమాచార నిధికి చాలినది కాదు. కావున 2012 సెప్టెంబరు 12 నుండి ఓపెన్ డేటాబేస్ లైసెన్సు అమలులోనికి వచ్చినది. పటమును వ్యాపారమునకైనను వాడుకొనవచ్చును. అయితే మూలమును పేర్కొనవలెను. సమాచారమును మెరుగుపరచి బహిరంగముగా పంచినచో అదే లైసెన్సుపై పంచవలెను. ఈ మార్పునకు సమ్మతింపనివారు చేర్చిన భాగములు తొలగింపబడెను. ఆస్ట్రేలియాలో ఈ నష్టము ఎక్కువ. వేసిన రోడ్లనే మరల వేయవలసివచ్చినది.

పటమునకు అండగా 2006లో ఇంగ్లండులో ఒక ఫౌండేషను ఏర్పడినది. సేవకులు తమ హక్కును వదలుకొనక, దానికి అనుమతి మాత్రమే ఇత్తురు. లైసెన్సు మార్చవలెనన్న ఫౌండేషను సభ్యులలో అధిక సంఖ్యాకులును, చురుకుగా పనిచేయు సేవకులలో మూడింట రెండు వంతులును ఒప్పుకొనవలెను. అప్పుడును అది స్వేచ్ఛా లైసెన్సే కావలెను. మా దృష్టిలో ఈ పటమునకు గట్టి తాళము ఇదియే.

ఇక ఫౌండేషనునే ఎవరైన చేజిక్కించుకొన్నచో? ఈ శంక ఊరకే పుట్టినది కాదు. 2018 నవంబరులో మన దేశములోని ఒకే సంస్థ ఉద్యోగులు సుమారు నూరుమంది ఒక్కమారుగా సభ్యత్వము కోరగా, దానిపై విచారణ జరిగినది. 2020లో మరియొక ద్వారము తెరచిరి: ఏడాదిలో 42 దినములు పటముపై పనిచేసినవారు రుసుము లేకయే సభ్యులు కావచ్చును. ధనముతో గాక శ్రమతో ఓటు లభించుట మంచిదే.

2021 ఫిబ్రవరి 15నాటి కేంద్ర మార్గదర్శకములతో పటములు తయారుచేయుటకు భారతీయులు ముందస్తు అనుమతి పొందవలసిన పని తప్పినది. భద్రతకు సంబంధించిన కొన్ని వివరములకు మాత్రము నిషేధము కలదు. మీ ఊరి బడిని, ఆసుపత్రిని, బస్సు ఆగుచోటును చేర్చునప్పుడు తెలుగు పేరును కూడ వ్రాయుడు. ఇండ్ల యజమానుల పేర్లను మాత్రము వ్రాయవలదు.