కొత్త కారు – పాత లెక్క

కారు పందెం అంటే దుమ్ము లేపుకుంటూ, ప్రాణాలకు తెగించి, ముందున్నవాణ్ణి దాటిపోవడమే అనుకుంటారు చాలామంది. మా అక్కయ్యా అలాగే అనుకుంది. అంచేత కొత్త కారుతో పందానికి వెళతానని బావ చెప్పిన రోజున ఇంట్లో రెండుపూటలా పప్పులో ఉప్పు లేదు.

"అది కాదే! ఇందులో తొందరగా వెళ్ళినవాడికే జరిమానా" అన్నాడు బావ.

"తొందరగా వెళ్ళకూడని పందెం ఎక్కడైనా ఉందిటండీ? వాయిదాలింకా తీరనే లేదు. కారుమీద ఒక్క గీత పడితే ఊరుకోను!" అంది అక్కయ్య.

నిజానికి బావ చెప్పింది అక్షరాలా నిజమే. మావంటి సరదారాయుళ్ళు పాల్గొనే ర్యాలీని "టైం – స్పీడ్ – డిస్టెన్స్" అంటారు. అంటే కాలమూ, వేగమూ, దూరమూ అన్నమాట. మామూలు రోడ్డుమీద, అందరికీ ఉన్న నిబంధనలకే లోబడి, వాళ్ళు చెప్పిన సగటు వేగంతో నడపాలి. గంటకు 36 కిలోమీటర్లన్నారనుకోండి, కిలోమీటరుకు సరిగ్గా 100 సెకన్లు. దారిలో ఎక్కడో ఒకచోట గడియారం పట్టుకుని మనకోసం ఒకాయన కూర్చుని ఉంటాడు. ఎక్కడుంటాడో ముందు చెప్పరు. మా పందెంలో నిమిషం ఆలస్యమైతే ఒక మార్కు పోతుంది, నిమిషం ముందు వెళితే రెండు!

నడిపేది బావ. పక్కన కూర్చుని లెక్కలు కట్టి దారి చెప్పేది నేను. దారి కోసం ఒక పుస్తకం ఇస్తారు. అందులో ప్రతి మలుపుకూ ఒక బొమ్మ ఉంటుంది. చుక్క ఉన్నవైపునుంచి వచ్చి, బాణం చూపినవైపు వెళ్ళాలి. హాలెండులో 1949లో మొదలైన ట్యూలిప్ ర్యాలీ పేరుమీదుగా వీటిని ట్యూలిప్ బొమ్మలంటారు. బొమ్మ పక్కనే ఎన్ని కిలోమీటర్ల దగ్గర తిరగాలో ఉంటుంది. కనుక మన మీటరు, పందెం పెట్టినవాళ్ళ మీటరు ఒకే మాట చెప్పాలి. లేకపోతే ఎంత తేడా ఉందో ముందే కొలిచి పెట్టుకోవాలి.

మా పాత కారు మీటరు ఎంత అబద్ధమాడుతుందో నాకు కంఠతా వచ్చు. మూడేళ్ళు దానితోనే తిరిగాం. కొత్త కారును శుక్రవారంనాడు వాళ్ళు గుర్తుపెట్టిన పది కిలోమీటర్ల మీద నడిపి చూశాం. సరిగ్గా 10 చూపించింది. "సత్యహరిశ్చంద్రుడి అంశరా!" అని బావ మురిసిపోయాడు.

శనివారంనాడు నాకో బుద్ధి పుట్టింది. ఘాటురోడ్డుకు గట్టి టైర్లుండాలని పట్టుబట్టి, కాస్త పెద్దవి వేయించాను. "మళ్ళీ కొలవొద్దూ?" అన్నాడు బావ. అప్పటికే చీకటి పడింది, ఆకలి దంచేస్తోంది.

"రబ్బరు మారితే రోడ్డు పొడుగు మారుతుందా?" అన్నాను నేను, మహా తెలివిగా.

2018 నవంబరులో ఒక ఆదివారం తెల్లవారుజామున విశాఖపట్నం సముద్రపుటొడ్డునుంచి బయలుదేరాం. మొత్తం 26 కార్లు. అరకు చేరాలి. దారి చూపే ఫోన్లను సంచిలో వేసి సీలు వేశారు. ఇక మీటరు, గడియారం, పెన్సిలు – ఇవే దిక్కు.

ముప్ఫై కిలోమీటర్లు వెళ్ళాక మొదటి గడియారం ఆయన దొరికాడు. నా లెక్కకు గుండు దెబ్బలా వచ్చామనుకున్నాను. కాదు, నిమిషంన్నర ముందొచ్చామన్నాడు. మూడు మార్కులు! "నీ కాలు బరువు తగ్గించు బావా" అన్నాను. "మీటరు చెప్పినట్టే వెళుతున్నానురా" అన్నాడు. మరో నలభై కిలోమీటర్లకు రెండో ఆయన. రెండు నిమిషాలు ముందు. నాలుగు మార్కులు! ఈసారి నేను నోరు జారాను. "కొత్త కారు వచ్చాక నీకు తొందరెక్కువైంది" అన్నాను. బావ మారు పలకలేదు. ఆ మౌనమే నన్ను ఎక్కువ బాధపెట్టింది.

అంతవరకూ పెద్ద కూడళ్ళే కాబట్టి దారి తప్పలేదు. శృంగవరపుకోటకు ఇవతల పల్లెదారిలో పడ్డాం. 12.4 దగ్గర ఎడమకు తిరగాలి. మీటరు 12.4 చూపించింది, ఎడమకు దారీ ఉంది. తిరిగాం. జీడితోట దాటి, చెరువుగట్టు ఎక్కి, గట్టు చివర ఆగిపోయాం. మేకలు తోలుకొస్తున్న ముసలాయన మావంక జాలిగా చూసి, "ఇదెక్కడికీ ఎల్లదు బాబూ, సెరువులోకే!" అన్నాడు. ఆ ఇరుకులో కారు వెనక్కి తిప్పేటప్పుడు తాటిచెట్టు వెనక బంపరును గీరేసింది. ఆ చప్పుడుకు నాకు అక్కయ్య ముఖం కళ్ళకు కట్టింది. పదకొండు నిమిషాలు, పదకొండు మార్కులు పోయాయి.

తిరిగొస్తుంటే కనిపించింది అసలు మలుపు. మేము తిరిగినదానికి సుమారు నాలుగు వందల గజాలు ఇవతలే ఉంది! ఒకటి తొందరా, ఇంకొకటి పొరపాటూ అనుకున్నవి రెండూ ఒకటే జబ్బేమోనని అప్పుడు అనుమానం తట్టింది. బొడ్డవర దాటాక కిలోమీటరు రాళ్ళు లెక్కపెట్టడం మొదలుపెట్టాను. రాళ్ళ ప్రకారం పది కిలోమీటర్లయ్యేసరికి మీటరు చూపించింది 9.7!

చక్రం పెద్దదైతే ఒక చుట్టులో ఎక్కువ దూరం దొర్లుతుంది. మీటరు లెక్కపెట్టేది చుట్లనే. చుట్లు తక్కువైతే దూరం తక్కువని నమ్ముతుంది. పాపం దానికేం తెలుసు, టైర్లు మార్చారని? మేము ముప్ఫై వెళ్ళినా అది 29.1 అంది. మిగతా 900 మీటర్లకే ఆ నిమిషంన్నర.

"బావా, తొందర నీ కాలిది కాదు. తప్పు నాది. టైర్లు" అన్నాను, కాగితం మీదనుంచి తల ఎత్తకుండా.

బావ రెండు మలుపులు తిరిగేదాకా ఏమీ అనలేదు. తర్వాత, "అయితే రోడ్డు పొడుగు మారిందన్నమాట!" అని పకపకా నవ్వాడు.

అక్కణ్ణించి మీటరు చూపిన ప్రతి అంకెనూ 1.03తో హెచ్చవేస్తూ పోయాను. టైడా, అనంతగిరి కాఫీతోటలు, గాలికొండ దగ్గర ఎదురు మనిషి కనపడని మంచు – ఏదీ తీరిగ్గా చూడలేదు. పెన్సిలు రెండుసార్లు విరిగింది. అరకు చేరేసరికి ఆ సగంలో పోయినవి రెండే మార్కులు. వెరశి ఇరవై. 26 కార్లలో మాది 17వ స్థానం. మొదటి బహుమతి పన్నెండేళ్ళనాటి చిన్నకారులో వచ్చిన దంపతులకు దక్కింది.

బావ వాళ్ళ కారువంక చాలాసేపు చూశాడు. తూర్పు ఆఫ్రికాలో 1953లో మొదలైన సఫారీ పందేన్ని 1965లో జోగీందర్ సింగ్, అతని తమ్ముడు జస్వంత్ అంతకుముందే బాగా వాడేసిన వోల్వోతో గెలిచారని చెప్పాడు. "జోగీందర్ స్వయంగా మెకానిక్. తన కారు సంగతి తనకు తెలుసు. మనకు మన కారు పరిచయమే కాలేదురా" అన్నాడు.

ఇంటికొచ్చాక అక్కయ్య కారుచుట్టూ ఒక ప్రదక్షిణం చేసి, బంపరు దగ్గర ఆగింది. "తొందరగా వెళ్ళకూడని పందెంలో ఈ గీత ఎలా పడిందండీ?" అంది. బావ ఏదో సర్దిచెప్పబోయాడు.

"లెక్క తప్పాం. తప్పింది నా లెక్కే అక్కయ్యా" అన్నాను.

"అయితే రంగు ఖర్చు నీది" అంది.

ఆ రాత్రి పప్పులో ఉప్పు సరిగ్గా సరిపోయింది.