చలి తప్పిన యేడు - వాన మాట యేమి?

శివరాత్రికి చలి ‘శివ శివ’ యనుచు వెడలిపోవునని మన పెద్దల మాట. 2025వ సంవత్సరమున శివరాత్రి ఫిబ్రవరి 26వ తేదీన వచ్చినది. చలి మాత్రము అంతవరకు నిలువలేదు. ఆ మాసారంభమునుండియే దేశమున పెక్కుచోట్ల పగళ్లు వేసవిని తలపింపజొచ్చెను. భారత వాతావరణశాఖవారి లెక్కల ప్రకారము, 1901 మొదలు అంతవరకు గడచిన ఫిబ్రవరి మాసములన్నిటిలో సగటు ఉష్ణోగ్రత అప్పుడే మిక్కిలి హెచ్చు. దానికి రెండేండ్ల ముందు, 2023లో, ఫిబ్రవరి మాసము పగటి వేడిమి విషయమున అట్టి పేరే గడించియుండెను. చలికాలము చలికాలమువలె నుండకపోవుట యిట్లు తరచుగా కానవచ్చుచున్నది.

పట్టణవాసికి ఇది సుఖముగానే తోచును. కంబళ్లు పెట్టెలో చేరును. వేకువ స్నానమునకు వేడినీరు అక్కరలేదు. రైతునకు అట్లుకాదు. చలియును అతనికి నీటివంటిదే, ఎరువువంటిదే. అయితే దానిని అంగడిలో కొనుటకు వీలులేదు, కాలువలో తెచ్చుటకును వీలులేదు. రాత్రులు తగినంత చల్లబడనిచో మామిడికొమ్మ పూతకు మారుగ చిగురు తొడుగును. నల్లరేగడి భూములలో శనగయు, మాఘ జొన్నయు వానచుక్క లేకయే నేలలో మిగిలిన పదునుపైని, మంచుపైని బ్రదుకు పంటలు. ఎండ ముందుగా ముదిరినచో ఆ పదును త్వరగా ఆరిపోవును. గింజ నిండకమునుపే పైరు పండుబారును. తూకమున ఆ కొరత తెలియును.

ఉత్తరదేశమున గోధుమకును ఇదే గతి. 2022వ సంవత్సరపు మార్చి మాసము, 1901 మొదలు అంతవరకు వచ్చిన మార్చి మాసములలోకెల్ల పగటి వేడిమి మిక్కుటమైనది. గింజ పాలుపోసుకొనుకాలమున ఆ వేడి తగిలినది. ఆ యేటి మే 13వ తేదీన కేంద్ర ప్రభుత్వమువారు గోధుమ యెగుమతిని నిషేధించిరి. కొన్ని వారముల వేడిమి ప్రపంచపు ధాన్యవిపణిని కదల్పగలదనుటకు ఇంతకంటె నిదర్శన మేల?

చలి తప్పినయేట రైతు అడుగు ప్రశ్న ఒక్కటే: రాబోవు వాన యెట్లుండును? కొందరు ఉగాదినాడు పంచాంగమున మేఘాధిపతి యెవరో వినుటకు వేచియుందురు. కొందరు చలి తగ్గిన యేట వాన తగ్గునందురు. మరికొందరు ఎండ ముదిరిన యేట వాన ముదురునందురు. రెండు మాటలకును సాక్ష్యము చెప్పువారు ప్రతి గ్రామమునను దొరకుదురు.

ఈ ప్రశ్న క్రొత్తది కాదు. మనదేశమున వాతావరణశాఖ 1875లో నెలకొల్పబడెను. ఆ మరుసటి యేడే ధాత నామ సంవత్సరపు మహాక్షామము దక్షిణాపథమును క్రమ్మినది; మన ముదుసళ్లు ‘ధాతకరువు’ అని చెప్పుకొనినది అదియే. అందు లక్షలాది జనులు మడసిరి. వానను ముందుగ తెలిసికొనవలెనను పట్టుదల ఆ కరువునుండి బలపడినది. శాఖకు మొదటి యధిపతియైన బ్లాన్‌ఫర్డు 1884లో ఒక సిద్ధాంతమును ప్రకటించెను: హిమాలయముపై మంచు మిక్కుటముగ కురిసిన పిమ్మట నైరృతి ఋతుపవనము సన్నగిల్లునని. 1886 మొదలు శాఖవారు ఏటేట వానసూచనలు ప్రకటింపసాగిరి. పిమ్మట 1904 నుండి 1924 వరకు అధిపతిగనుండిన గిల్బర్టు వాకరు, మన వానకు పసిఫిక్ మహాసముద్రముపైని వాయుభారమునకు సంబంధము కలదని లెక్కలు కట్టి చూపెను. నేడు పత్రికలలో తరచు వినవచ్చు ఎల్ నినో, లా నినా చర్చకు పునాది అందే యున్నది.

ఇక చలిలేని శీతకాలమునే ప్రమాణముగ గొన్నచో ఏమగునో, ఆ రెండు ఫిబ్రవరి మాసములే చెప్పుచున్నవి. 2023 ఫిబ్రవరి శుభకృన్నామ సంవత్సరములోనిది. తరువాతి వానకాలమున ఎల్ నినో బలపడినది. ఆగష్టు మాసమున దేశమంతట కలిపి వాన నూటికి 36 పాళ్లు తగ్గెను. 1901 మొదలు అంత పొడి ఆగష్టు లేదు. నాలుగు మాసములకు కలిపి సగటున నూటికి 94 పాళ్లే కురిసెను. రాయలసీమలో పెక్కు మండలములను కరువు మండలములుగ ప్రకటింపవలసివచ్చినది. 2025 ఫిబ్రవరి క్రోధి నామ సంవత్సరములోనిది. ఆ యేట ఋతుపవనము మే 24వ తేదీకే కేరళమున కాలిడినది. నాలుగు మాసములకు నూటికి 108 పాళ్లు వాన కురిసెను. పేరున శుభమున్న యేటి వేడి వెనుక కరువు, పేరున క్రోధమున్న యేటి వేడి వెనుక వర్షము! శీతకాలము చేసిన నష్టము చేసినదే. కాని అది వానకు జోస్యము కాదు.

వాతావరణశాఖవారి మాటనైనను ఎంతవరకు నమ్మవలెను? తెలిసి చదువువానికి అది మిక్కిలి ఉపయోగకరము. తెలియక చదువువానికి అపాయకరము. 2023 ఏప్రిలులో వారు 96 పాళ్ల వానను సూచించి, అటునిటు అయిదు పాళ్ల తేడా రావచ్చుననిరి. వచ్చినది 94, సూచన తప్పలేదు. అయినను ఆగష్టున బీటలువారిన చేను గల రైతునకు ఆ సూచన యేమి మేలు చేసినది? తప్పిన యేండ్లును కలవు. 2002లో మామూలు వాన కురియునన్నారు. జూలై మాసము మొగము చాటువేయగా ఋతువంతయు కలిపి నూటికి 19 పాళ్లు తగ్గెను. 1997లో ఎల్ నినో మిక్కిలి ప్రబలముగ నున్నను వాన సగటుకు తక్కువ కాలేదు. సముద్రము ఒక కారణమేగాని సర్వకారణము కాదు.

అంతకంటె ముఖ్యమైన మాట మరియొకటి కలదు. దేశపు సగటు 87 సెంటీమీటర్లు. ఈ సగటు ఏ గ్రామమునను కురియదు. అదే 2023వ సంవత్సరమున, ఆగష్టు కరువునకు కొలది దినముల ముందు, జూలై నెలాఖరున ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క దినమున దాదాపు 65 సెంటీమీటర్లు కురిసెను. దేశమునకు నాలుగు మాసములలో రావలసిన సగటులో నాలుగింట మూడు వంతులు ఒక పగలు, ఒక రాత్రి కురిసినవన్నమాట! 2025లో సగటునకు మించి వాన కురిసినను, ఆగష్టు చివర కామారెడ్డి, మెదకు జిల్లాలు జలమయమయ్యెను. అక్టోబరు 28వ తేదీ రాత్రి మొంథా తుపాను తీరము దాటి వరిచేలను నేలకు వాల్చెను. మంచి యేడని లెక్కలలో వ్రాయబడిన యేటను రైతు ఇల్లు తడిసినది.

వాన మొత్తముకంటె వాన తీరు మారుచున్నదనుట ఇందువలన స్పష్టము. 1901 మొదలు లెక్కింపగా 2024 మనదేశమునకు అంతవరకు అత్యుష్ణమైన సంవత్సరము. గాలి వేడెక్కినకొలది నీటియావిరిని హెచ్చుగ మోయును. మోసినదానిని ఒక్కసారిగ క్రుమ్మరించును. క్రుమ్మరించిన పిమ్మట దీర్ఘకాలము మొగము చూపదు. కావున రాబోవు ఋతువులనుగూర్చి మనము ఆశింపదగినది ఇంతమాత్రమే: చలి తక్కువ, ఎండ యెక్కువ, వాన తొందరపాటు. వీనికి సిద్ధపడుట జోస్యమునకై కాచుకొనుటకంటె మేలు.

సిద్ధపడుట యన నేమి? శివరాత్రి మొదలు మృగశిర కార్తె వరకు గల కాలము చెరువు పూడిక తీయుటకు తగినది. కాకతీయుల రామప్ప, పాకాల, లక్నవరము చెరువులు ఎల్ నినో యను పేరెరిగి త్రవ్వినవి కావు. కురిసినదానిని నిలుపుకొనవలెనని త్రవ్వినవి. ఒక్క దినమున కురియు వానను అవి మ్రింగగలవు, నెల దినముల యెడముకు అవియే త్రాగింపగలవు. తొలి చినుకునకే విత్తక, పదును లోతుగ దిగినదో లేదో చూచి విత్తుట రెండవది. తొలకరి తప్పినచో మరల విత్తుటకు స్వల్పకాలపు గింజలను గ్రామమునందే నిలువయుంచుట మూడవది. ఇందు ప్రభుత్వము చేయవలసినదియు కలదు, మనము చేయవలసినదియు కలదు.

కడపట భూస్వాములతో ఒక మాట. మన జిల్లాలలో సేద్యము చేయువాడు పలుచోట్ల కౌలుదారుడు. చలి తప్పినను, వాన తప్పినను, తుపాను వచ్చినను మొదట నష్టపడువాడు అతడే. పంటల భీమా పథకము 2016లో వచ్చినది. కాని పత్రము లేని కౌలుదారునకు భీమాయు నష్టపరిహారమును చేరుట కష్టము. 2019లో ఆంధ్రప్రదేశమున చేయబడిన చట్టము కౌలుదారునకు హక్కుపత్రము నిచ్చుటకు భూయజమాని సమ్మతిని కోరినది. ఆ సమ్మతి నిచ్చుటకు పెక్కురు జంకిరి. చేవ్రాలు చేసినచో భూమి చేజారునని భయపడిరి. పదునొకండు నెలల సాగుహక్కుకు చేసిన చేవ్రాలు భూమిపై హక్కు నీయదని ఆ చట్టమే చెప్పినది. భయము భూస్వామిది, నష్టము కౌలుదారునిది. ఇది న్యాయమా?

మేఘాధిపతిని మనము మార్చలేము. పసిఫిక్ సముద్రమును చల్లార్చలేము. చెరువుకట్టను బలపరుపగలము, పొరుగువాని పత్రముపై చేవ్రాలు చేయగలము. ఈ రెండు పనులకును మృగశిర వరకు వేచియుండ నక్కరలేదు.