గోడపై నిలిచిన గానము

కవిత్వము మొదట చెవి కొఱకు పుట్టినది. వినువాని హృదయమును జేరిన పిమ్మట అది మనస్సులో ఒక రూపమును గట్టును. ఆ రూపమును చిత్రకారుడు రంగులతో గోడపై నిలిపినచో దానిని కుడ్యచిత్రము అందురు. పుస్తకము కొన్నవాని యింట నుండును. బహిరంగ స్థలమందలి కుడ్యచిత్రము చూడవచ్చిన ప్రతివాని సొత్తు. దానిని గ్రహించుటకు అక్షరజ్ఞానము కూడ అక్కఱలేదు. అట్లు కవిత నుండి గోడకు నడచి వచ్చిన కొన్ని చిత్రముల కథను, వానియందు తమ్ము తాము చూచుకొన్న యొక జనసమూహపు కథను ఈ పాఠమున తెలిసికొందము.

అమెరికా సంయుక్త రాష్ట్రములలో దక్షిణ ప్రాంతము ప్రత్తిపంటకు ప్రసిద్ధి కెక్కినది. ఆఫ్రికా ఖండము నుండి బలవంతముగా ఓడలలో తెచ్చి అమ్మబడిన మనుష్యులును, వారి సంతతివారును తరతరములు ఆ చేలలో బానిసలై శ్రమించిరి. భార్యాభర్తలను, తల్లీబిడ్డలను వేఱు వేఱు యజమానులకు అమ్మివేయుట ఆనాటి చట్టమునకు సమ్మతమే. బానిసలకు చదువు నేర్పుట నేరమని పెక్కు దక్షిణ రాష్ట్రములు శాసనములు చేసెను. చదివినవాడు లోబడి యుండడని యజమానుల భయము.

పలక పట్టనీయని చోట పాటయే పుస్తకమైనది. చేలలో పనిచేయుచు, రాత్రివేళల ప్రార్థనకు గుమిగూడుచు వారు పాడిన పాటలలో వారి కన్నీరును, ఆశయు నిలిచినవి. 1863లో అధ్యక్షుడు అబ్రహాం లింకన్ విముక్తి ప్రకటనను వెలువరించెను. 1865లో రాజ్యాంగమునకు చేర్చిన పదుమూడవ సవరణ దేశమంతట బానిసత్వమును రద్దు చేసెను. విముక్తులైనవారు మొట్టమొదట కోరిన వానిలో బడి యొకటి.

ఫ్లారిడా రాష్ట్రములోని జాక్సన్‌విల్ పట్టణమున స్టాంటన్ పాఠశాల అట్టి బడులలో ఒకటి. 1871లో జన్మించిన జేమ్స్ వెల్డన్ జాన్సన్ అను కవి అందే చదివెను. ఆయన తల్లి అచటి ఉపాధ్యాయిని. పట్టభద్రుడై తిరిగి వచ్చి ఆయన ఆ పాఠశాలకే ప్రధానోపాధ్యాయుడయ్యెను. పై తరగతులను నెలకొల్పెను. 1900లో లింకన్ జయంతి నాడు పిల్లలచేత పాడించుటకై ఆయన యొక గీతమును రచింపగా, తమ్ముడు రోజమండ్ దానికి బాణీ కట్టెను. ఐదువందల మంది బాలబాలికలు దానిని ఏకకంఠమున పాడిరి. పిమ్మట అన్నదమ్ము లిరువురును న్యూయార్కు నగరమునకు వెడలిరి; గీతము వారి తలపు నుండి దాదాపు తొలగిపోయెను. పిల్లలు మాత్రము మఱువలేదు. వారిలో కొందఱు ఉపాధ్యాయులై తమ విద్యార్థులకు నేర్పిరి. ఇరువది యేండ్లలో ఆ పాట దక్షిణ ప్రాంతమంతట వ్యాపించెను. నల్లజాతి వారి జాతీయగీతమని దానిని నేటికిని గౌరవింతురు.

జాన్సన్ 1927లో ‘గాడ్స్ ట్రాంబోన్స్’ అను కవితాసంపుటిని ప్రకటించెను. ట్రాంబోను అనగా గంభీరమైన నాదము గల ఇత్తడి ఊదువాద్యము. చదువుసంధ్యలు నేర్చుటకు నోచుకొనకయే, కేవలము కంఠబలముతోను, ఊహాబలముతోను శ్రోతలను కదలించిన వృద్ధ ఉపదేశకుల ప్రసంగములను జాన్సన్ బాల్యము నుండి వినియుండెను. ఆ ప్రసంగములు వ్రాతలో లేవు. చెప్పువారు గతించినచో అవియు గతించును. అందుచేత ఆయన వాని ధోరణిని, విరామములను, ఊపును పట్టి ఏడు కవితలుగా రచించెను. ముందొక ప్రార్థనను చేర్చెను. ఈ గ్రంథమునకు బొమ్మలు గీసిన యువకుడే ఆరన్ డగ్లస్.

డగ్లస్ 1899లో కాన్సస్ రాష్ట్రములోని టొపీకా పట్టణమున జన్మించెను. నెబ్రాస్కా విశ్వవిద్యాలయమున చిత్రకళ నభ్యసించి, కొంతకాలము ఉన్నత పాఠశాలలో బోధించి, 1925లో న్యూయార్కు నందలి హార్లెమ్ పేటకు వచ్చెను. దక్షిణము విడిచి వచ్చిన కవులు, గాయకులు, రచయితలు అప్పుడచట పెద్దసంఖ్యలో చేరియుండిరి.

వినవలసిన కవితను కంటికెట్లు చూపుట? ఇది డగ్లస్ ఎదుట నిలిచిన ప్రశ్న. ఆయన కనుగొన్న మార్గము సరళమైనది. మనుష్యులను తెరపై పడిన నీడల వలె నిండురంగుతో గీసెను. ముఖములలో ఎవరి పోలికలను చూపలేదు. అందుచేత ఆ నీడ ఒక వ్యక్తిది కాక, చూచు ప్రతివాని తాతదియు, తల్లిదియు కాగలదు. రెండవది, వెలుగు వలయములు. కొలనులో రాయి పడినప్పుడు అలలు వలయములై వ్యాపించునట్లు, ఆయన చిత్రములలో ముఖ్యమైన చోటు నుండి లేతకాంతి వలయములు ఒకదాని వెలుపల నొకటిగా విస్తరించును. ధ్వని వ్యాపించుటను కన్నులకు చూపు ఉపాయమిది. తీర్పుదినమును గూర్చిన కవితకు ఆయన గీసిన బొమ్మలో దేవదూత యొక పాదము నేలపైనను, ఒకటి సముద్రముపైనను మోపి బాకా ఊదుచుండును. ఈ బాకాను జ్ఞాపకముంచుకొనుడు. అది మరల కానవచ్చును.

పుస్తకపు పుటలో పుట్టిన ఈ రీతి మూడేండ్లలో గోడ కెక్కెను. టెన్నెసీ రాష్ట్రములోని నాష్‌విల్ నగరమున ఫిస్క్ విశ్వవిద్యాలయము కలదు. విముక్తుల విద్యకై 1866లో స్థాపింపబడిన ఆ సంస్థ మొదటి యేండ్లలో ధనము లేక మూతపడు స్థితికి వచ్చెను. అప్పుడు 1871లో అచటి విద్యార్థుల గాయకబృందము ఊరూర తిరిగి తమ పూర్వుల పాటలను పాడి ధనము కూర్చెను. ఆ ధనముతో లేచిన జూబిలీ హాలు నేటికిని నిలిచియున్నది. పాట యచట గోడను కట్టెనన్నమాట. ఆ విశ్వవిద్యాలయపు నూతన గ్రంథాలయమున 1930లో డగ్లస్ తన జాతి చరిత్రను ఆఫ్రికా మొదలుకొని స్వాతంత్ర్యము వఱకు గోడలపై చిత్రించెను. ఒక గదిలో తత్త్వము, నాటకము, సంగీతము, విజ్ఞానము మున్నగు వాని సరసన కవిత్వమునకు కూడ ఒక చిత్రమును కేటాయించెను.

1929లో ప్రారంభమైన ఆర్థికమాంద్యము వలన కళాకారులు పనిలేక అలమటింపగా, ప్రభుత్వము బహిరంగ స్థలములలో చిత్రములు వేయించి వారికి జీవనోపాధి కల్పించెను. ఆ పథకము క్రిందనే డగ్లస్ 1934లో హార్లెమ్ నందలి ప్రజా గ్రంథాలయ శాఖకు నాలుగు పెద్ద చిత్రములను కాన్వాసుపై తైలవర్ణములతో రచించెను. వాని పేరు ‘ఆస్పెక్ట్స్ ఆఫ్ నీగ్రో లైఫ్’, అనగా నల్లజాతి జీవిత దృశ్యములు. ‘నీగ్రో’ అను మాట ఆనాడు వ్యవహారములో ఉండెను. నేడు దానిని వాడుట మర్యాద కాదు.

మొదటి చిత్రమున ఆఫ్రికాలోని నృత్యము, మృదంగధ్వని కలవు. దక్షిణ ప్రాంత జీవితమును చూపు చిత్రము అయిదడుగుల ఎత్తు, పదకొండడుగులకు పైగా వెడల్పు కలది. దాని నడుమ కొందఱు వాద్యములు మీటుచు, పాడుచు, ఆడుచుందురు. త్వరపడి చూచువాడు ఇది సంతోషచిత్రమని తలచి వెడలిపోవును. కాని యొక కొసన జనులు పొలములో వంగి పనిచేయుచుందురు. మఱియొక కొసన, విచారణ లేకుండ మూక చేతిలో ఉరితీయబడిన యొక మనుష్యుని కొఱకు కొందఱు మోకరించి శోకించుచుందురు. ఇట్టి హత్యలు ఆనాడు కథలు కావు, వార్తలు. డగ్లస్ దుఃఖమును దాచలేదు. దుఃఖమే సమస్తమనియు చెప్పలేదు. శ్రమకును శోకమునకును నడుమ పాటను నిలిపెను. ఆ జనుల ఓర్పు ఎక్కడిదో ఆ అమరికయే చెప్పుచున్నది.

మఱియొక చిత్రమును కుడి నుండి ఎడమకు చదువవలెను. కుడివైపున విముక్తి ప్రకటనను చదువుచుండగా జనులు సందేహము వీడి ఆనందింతురు. అచట ఒకడు బాకా ఊదుచుండును. దేవదూత చేతిలోని బాకా ఇప్పుడు స్వేచ్ఛ పొందిన మానవుని చేతికి వచ్చినది. నడుమ ఒక నాయకుడు ఎత్తైన పీఠముపై నిలిచి జనులను ముందుకు నడిపించుచున్నాడు. 1870లో పదునైదవ సవరణ ఓటుహక్కునకు జాతిభేదము అడ్డు కారాదని శాసించియుండెను. ఎడమవైపున ఉత్తరపు సైనికులు మరలిపోవుచుందురు, ముసుగులు ధరించిన కూక్లక్స్ క్లాన్ దుండగులు గుఱ్ఱములపై వచ్చుచుందురు. 1877లో సైన్యరక్షణ తొలగిన పిమ్మట దక్షిణమున ఆ హక్కు క్రమముగ అపహరింపబడెను. దానిని నిలబెట్టిన ఓటుహక్కు చట్టము 1965లో గాని రాలేదు. డగ్లస్ ఈ చిత్రమును వేసినది ఆ నడుమ కాలముననే. పొందినదానిని పోగొట్టుకొన్న జాతికి, ఒకనాడు పొందియుంటిమని గుర్తుచేయుట ఆ చిత్రము చేసిన పని.

నాలుగవ చిత్రమున దక్షిణపు దాస్యము నుండి తప్పించుకొని పెట్టె చేతబట్టి ఉత్తరపు నగరములకు పరుగెత్తువాడొకడు, మాంద్యములో కూలబడినవాడొకడు ఉందురు. వారి నడుమ యంత్రచక్రముపై నిలిచి యొక గాయకుడు తన శాక్సఫోనును ఆకాశమున కెత్తి పట్టును. పుస్తకములోని బాకాయే అది. రూపము మాత్రము మారినది.

ఈ చిత్రములు ఏ ధనవంతుని మేడలోనో కాక గ్రంథాలయములలో వెలసినవి. చదువు నేరమైన కాలమున పుట్టినవారి మనుమలు పుస్తకము చేతబట్టి అచట తలయెత్తి చూచినప్పుడు, తమవారి చరిత్ర వారికి గోడపై కనబడెను. జాన్సన్ తన కడపటి యేండ్లలో ఫిస్క్ నందే సాహిత్యమును బోధించి 1938లో మరణించెను. డగ్లస్ అచట చిత్రకళాశాఖను స్థాపించి 1966 వఱకు బోధించెను, 1979లో కన్నుమూసెను. హార్లెమ్ చిత్రములు నేడు షాంబర్గ్ పరిశోధన కేంద్రమున ఉన్నవి.

విద్యార్థులారా! కుడ్యచిత్రమును చూచునప్పుడు రంగులను మాత్రమే చూచి వెడలిపోకుడు. చిత్రకారుడు నడుమ దేనిని నిలిపెనో, అంచులకు దేనిని జరిపెనో, వెలుగు ఎక్కడనుండి బయలుదేరుచున్నదో పరిశీలింపుడు. జాక్సన్‌విల్‌లో పాడిన ఐదువందల మంది మీ యీడువారే. కవియే మఱచిన పాటను మఱువక కాపాడినవారు వారు.