స్థానిక ఉత్పత్తులకు స్థానిక వేదిక: విక్రయ ప్రదర్శనల నిర్వహణలో గమనించవలసిన అంశాలు

చేనేత కార్మికుడు నేసిన చీరకు గానీ, ఏటికొప్పాకలో అంకుడు కర్రతో చేసిన లక్కబొమ్మకు గానీ, స్వయం సహాయక సంఘాల మహిళలు పెట్టిన పచ్చడికి గానీ నాణ్యతలో లోపం లేదు. లోపమల్లా కొనుగోలుదారు తయారీదారు గడప వరకు రాకపోవడమే. మధ్య దళారీ లేకుండా ఈ ఇరువురినీ ఒక చోట కలపడమే విక్రయ ప్రదర్శనల ముఖ్యోద్దేశం.

మన ప్రాంతంలో ఇందుకు చక్కని ఉదాహరణ హైదరాబాద్ నుమాయిష్. 1938లో ఉస్మానియా విశ్వవిద్యాలయ పట్టభద్రుల చొరవతో పబ్లిక్ గార్డెన్స్‌లో ఇది ప్రారంభమైంది. దాని తొలి పేరు ‘నుమాయిష్ మస్నువాత్-ఎ-ముల్కీ’, అనగా స్థానిక ఉత్పత్తుల ప్రదర్శన. ఊరి సరుకును ఊరివారికి చూపించాలన్న సంకల్పం ఆ పేరులోనే ఉన్నది. 1946లో నాంపల్లి మైదానానికి తరలిన ఈ ప్రదర్శన కాలక్రమేణా దేశం నలుమూలల వర్తకులను ఆకర్షించే స్థాయికి ఎదిగింది.

అదే మైదానంలో 2019 జనవరి 30వ తేదీ రాత్రి సంభవించిన అగ్నిప్రమాదంలో వందకు పైగా దుకాణాలు దగ్ధమయ్యాయి. ప్రాణనష్టం జరగకపోవడం అదృష్టం. అయితే చిన్న వ్యాపారి ప్రదర్శనకు తెచ్చే సరుకులో అధిక భాగం అప్పుపై తెచ్చినదే. సరుకు కాలిపోయినా అప్పు మాత్రం మిగిలే ఉంటుంది. కావున ఎంత చిన్న ప్రదర్శన అయినప్పటికీ దుకాణాల వరుసల మధ్య అగ్నిమాపక శకటం ప్రవేశించేంత దారి విడిచిపెట్టాలి. విద్యుత్ తీగలను గుడ్డ పందిళ్లకు ఆనించరాదు. వంట జరిగే దుకాణాలను వస్త్ర దుకాణాలకు దూరంగా కేటాయించాలి. సరుకుకు స్వల్పకాలిక బీమా చేయించే బాధ్యతను నిర్వాహకులే తీసుకోవడం ఉత్తమం.

తేదీల ఎంపిక కూడా కీలకమే. జీతాలు అందే మొదటి వారం, సంక్రాంతి ముందు రోజులు, చీరలకైతే శ్రావణ మాసం అనుకూలమైనవి. 1905 నాటి స్వదేశీ ఉద్యమ స్మారకంగా 2015 నుండి జరుపుకొంటున్న జాతీయ చేనేత దినోత్సవం ఆగస్టు 7న రావడం నేతకారులకు కలిసివచ్చే అంశం. ఆషాఢంలో మాత్రం పెద్ద దుకాణాలు ప్రకటించే తగ్గింపులతో మగ్గం పనివారు పోటీ పడలేరు.

దుకాణాల కేటాయింపులో తయారీదారులకే తొలి ప్రాధాన్యం ఇవ్వాలి. టోకు మార్కెట్‌లో కొన్న యంత్ర వస్త్రాన్ని చేనేతగా అమ్మే వ్యక్తి ఒక్కడు చేరినా మిగిలిన వారందరి విశ్వసనీయత దెబ్బతింటుంది. అద్దెను ముందుగా వసూలు చేయడం కంటే చివరి రోజున అమ్మకాల నుండి తీసుకోవడం పేద తయారీదారులకు వెసులుబాటు. దూర ప్రాంతాల నుండి వచ్చే మహిళలకు రాత్రి బస, మరుగుదొడ్లు, సరుకుకు కాపలా తప్పనిసరి.

మరొక విషయం తరచుగా విస్మరణకు గురవుతున్నది. ప్రదర్శన కోసం ఎంచుకున్న స్థలంలో ఏడాది పొడవునా తోపుడుబండ్లపై జీవనం సాగించేవారు ఉండవచ్చు. చిరు వ్యాపారుల మేలు కోసం చేపట్టిన కార్యక్రమం మరికొందరు చిరు వ్యాపారులను ఖాళీ చేయించడం భావ్యం కాదు. 2014 నాటి వీధి వ్యాపారుల చట్టం ప్రకారం పట్టణ విక్రయ కమిటీలో కనీసం 40 శాతం మంది వీధి వ్యాపారుల ప్రతినిధులు ఉండాలి. స్థల నిర్ణయానికి ముందే ఈ కమిటీతో చర్చిస్తే చాలావరకు వివాదాలు తలెత్తవు.

ఈ వ్యాసకర్త స్వానుభవం ఒకటి ఇక్కడ పేర్కొనవలసి ఉన్నది. ఒక జిల్లా కేంద్రంలో ప్రారంభ సభ ఆదివారం సాయంత్రం రెండు గంటల పాటు సాగింది. భద్రతా కారణాలతో ద్వారాలు మూసివేయడంతో కొనుగోలుదారులు బయటే నిలబడి తిరిగి వెళ్లిపోయారు. మరునాటి పత్రికలలో వేదికపై ఆసీనులైన వారి ఛాయాచిత్రం ప్రచురితమైంది. ఏ దుకాణంలో ఏమి లభిస్తుందో ఒక్క పంక్తి కూడా రాలేదు. అందుకు మా పత్రికా ప్రకటనే కారణం, అందులో ఆ వివరాలు లేవు. అప్పటి నుండి ప్రకటనలో ఉత్పత్తుల పేర్లు, ధరల శ్రేణి, వేళలు, బస్సు సౌకర్యం ముందుగా రాసి, అతిథుల పేర్లను చివరన చేర్చడం అలవాటు చేసుకున్నాము. ప్రారంభోత్సవాన్ని ఉదయం పది గంటలకు అరగంటలో ముగించవలసిందిగా నిర్వాహకులకు సూచిస్తున్నాము.

ప్రదర్శన ముగిసిన వారంలోగా ప్రతి దుకాణం అమ్మకాల వివరాలు, అందిన తదుపరి ఆర్డర్లను నమోదు చేసి, ఆ జాబితాను సంబంధిత శాఖలకు, పాత్రికేయులకు అందజేయవలసి ఉంటుంది.