పింఛనుదారులు – చేతిఫోను

నవంబరు మాసము వచ్చినంతనే కేంద్ర ప్రభుత్వ పింఛనుదారుల యిండ్లలో ఒక చింత మొదలగును. తాము జీవించియున్నట్లు తామే రుజువు చూపవలెను గదా! పూర్వమిందుకై బ్యాంకులో వరుసకట్టి నిలువవలసి వచ్చెడిది. 2014 నవంబరులో ప్రారంభమైన ‘జీవన్ ప్రమాణ్’ పద్ధతివలన, ఆధార్ సంఖ్యతోడను వ్రేలిముద్రతోడను ఇంటినుండియే సర్టిఫికెట్టు పంపు వీలు కలిగినది.

అయితే వయస్సు మీరినకొలది చర్మము పొడిబారి వ్రేళ్ల రేఖలు అరిగిపోవును. నలుబదియేండ్లు సుద్దముక్క పట్టిన చేతిని, గిన్నెలు తోమిన చేతిని యంత్రము పలుమారులు గుర్తింపజాలదు. ఈ చిక్కు తొలగించుటకే 2021 నవంబరులో ముఖమును బట్టి గుర్తించు విధానము వచ్చినది. ఫోనులో జీవన్ ప్రమాణ్, ఆధార్ ఫేస్ ఆర్.డి. అను రెండు యాప్‌లుండిన చాలును. వెలుతురు ముఖముపై పడునట్లు కూర్చుండి, చెప్పినప్పుడు రెప్పలార్పవలెను. పిదప ప్రమాణ్ సంఖ్య సందేశముగా వచ్చును. అంతటితో పని ముగిసినదని తలపరాదు. పింఛను ఉత్తరువు సంఖ్యయో, ఖాతా సంఖ్యయో తప్పుపడినచో సర్టిఫికెట్టు తిరస్కరింపబడవచ్చును.

ఇచట మనుమలకొక మనవి. “నేను చేసిపెట్టెదను, ఇటిమ్ము తాతయ్యా” యని ఫోను లాగికొనుట సులభమే. కాని తాతగారు మరుసటి యేడును మీకొరకే ఎదురుచూడవలసివచ్చును. ఆలస్యమైనను మీటలు వారిచేతనే నొక్కింపుడు.

మోసగాండ్రకును ఈ మాసము తెలియును. “పింఛను కార్యాలయమునుండి మాటలాడుచున్నాము, సర్టిఫికెట్టు సరిచేయవలెను, మీ ఫోనుకు వచ్చిన ఓటీపీ చెప్పుడు” అందురు. పింఛను సంఖ్య, పదవీవిరమణ తేది కూడ వల్లించి నమ్మింపవచ్చును. ఓటీపీ యన మీ సంతకమువంటిది. ఫోనులో అడిగినవారెవరైనను చెప్పరాదు. అంతకన్న కీడు మఱియొకటి గలదు: కొడుకులు కోపింతురేమోయని పెద్దలు జరిగినదానిని దాచుట. పోయిన సొమ్ము గడియలలో ఖాతానుండి ఖాతాకు మారిపోవును. వెంటనే 1930 సంఖ్యకు ఫోను చేసినచో దారిలోనే నిలుపు అవకాశము కొంతయుండును. ఇంటివారు మందలించుటను మరునాటికి వాయిదా వేయుట మేలు.

ఎనుబది నిండిన కేంద్ర పింఛనుదారులు అక్టోబరు 1 నుండియే సర్టిఫికెట్టు పంపవచ్చును. రాష్ట్ర ప్రభుత్వ పింఛనుదారుల గడువులు వేరు. ఫోను పొసగనివారు తపాలా బంట్రోతును ఇంటికి పిలిపించుకొని, రుసుము చెల్లించి, పని జరిపించుకొనవచ్చును.