శివనాథ్ నీరు, చిల్కా మొగ

భిలాయి ఉక్కు నగరంలోని కోహ్కాలో కురిసిన వాననీరు చెరువులూ కాలువలూ దాటి చివరకు శివనాథ్ నదిని చేరుతుంది. శివనాథ్ మహానదిలో కలుస్తుంది. మహానది హీరాకుడ్ జలాశయాన్ని దాటి, కటక్ సమీపంలో పాయలుగా చీలుతుంది. వాటిలో దయా, భార్గవి మొదలైన పాయలు తమ నీటిలో కొంత చిల్కా సరస్సుకు అందిస్తాయి. ఉక్కు కర్మాగారపు తొలినాళ్ళ నుంచి భిలాయిలో స్థిరపడుతూ వచ్చిన తెలుగు కుటుంబాలకూ, చిల్కా ముఖద్వారం వద్ద వల లాగే తెలుగు జాలరులకూ నడుమ ఈ విధంగా ఒక నీటిబాట ఉన్నది. ఆ జాలరులను ఒడియావారు నోలియాలంటారు.

చిల్కా పేరుకు సరస్సే గాని స్వభావంలో నదీముఖానికి దగ్గర. ఒకవైపు నదుల మంచినీరు, మరొకవైపు సముద్రపు ఉప్పునీరు ఇందులో కలుస్తాయి. వేసవిలో సుమారు 900 చదరపు కిలోమీటర్లున్న దీని విస్తీర్ణం వర్షాకాలంలో 1,100కు మించుతుంది. సముద్రంలో పుట్టిన రొయ్యపిల్లలు ఆటుపోట్లతో లోపలికి వచ్చి, ఇక్కడ పెరిగి, తిరిగి సముద్రానికి పోతాయి. వాటి రాకపోకలకు దారి మన జాలరులు 'మొగ' అని పిలిచే ముఖద్వారమే. మొగ పూడిపోతే సరస్సు మంచినీటి మడుగుగా మారుతుంది. కలుపు ప్రబలుతుంది, వల ఖాళీగా వస్తుంది.

1980, 90 దశకాలలో సరిగా ఇదే జరిగింది. నదులు తెచ్చిన ఒండ్రు సరస్సు అడుగున పేరుకున్నది. తీరం వెంబడి ఈశాన్యంగా కదిలే ఇసుక మొగను దూరదూరంగా నెట్టింది. 1980ల మధ్యలో ఏడాదికి 8 వేల టన్నులకు పైగా ఉన్న చేపల దిగుబడి, ఆ శతాబ్దం ముగిసేనాటికి 2 వేల టన్నులలోపుకు పడిపోయింది. సరస్సుపై ఆధారపడిన సుమారు 2 లక్షల మందికి ఇది అన్నం సమస్య. 1981లో రామ్‌సర్ ఒప్పందం కింద అంతర్జాతీయ ప్రాముఖ్యం గల చిత్తడి నేలగా గుర్తింపు పొందిన చిల్కా, 1993లో ప్రమాదంలో ఉన్నవాటి జాబితా అయిన మాంట్రో రికార్డులోకి ఎక్కింది.

అంతవరకు సరస్సుకు ఆలనాపాలనా లేదని కాదు. చూసేవారు ఎక్కువ, బాధ్యులు తక్కువ. చేపలు మత్స్యశాఖవి, కౌలు రెవెన్యూశాఖది, నదులు నీటిపారుదల శాఖవి, పక్షులు అటవీశాఖవి. మొగ ఎవరిదో చెప్పగలవారు లేరు! ఈ లోపాన్ని పూరించేందుకు ఒరిస్సా ప్రభుత్వం 1991లో చిల్కా అభివృద్ధి ప్రాధికార సంస్థను నెలకొల్పింది. ముఖ్యమంత్రి అధ్యక్షులుగా గల పాలకమండలి ద్వారా వివిధ శాఖలు ఒకేచోట కూర్చునే ఏర్పాటు జరిగింది. పునరుద్ధరణకు నాయకత్వం ఇకపై ఈ సంస్థది.

సంస్థ ముందు అధ్యయనం చేయించి, తరువాతనే తవ్వకానికి దిగడం గమనించదగినది. పూనాలోని కేంద్ర జల, విద్యుత్ పరిశోధన కేంద్రమూ, గోవాలోని జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థా నీటి ప్రవాహాన్ని, ఇసుక కదలికను పరిశీలించాయి. వాటి సలహా మేరకు సాతపడా సమీపంలోని సిపకుడా వద్ద ఇసుక దిబ్బను తవ్వి, 2000 సెప్టెంబరు 23న కొత్త మొగను తెరిచారు. సముద్రానికి దారి సుమారు 18 కిలోమీటర్లు తగ్గింది. లోపల పూడిన కాలువలలోనూ ఒండ్రు తీశారు. ఎగువన వాగులకు ఇరుపక్కలా నేల కోతను అరికట్టే పనులలో గ్రామస్థులను భాగస్వాములను చేశారు. లవణీయత పెరిగింది, 2001-02 నాటికి దిగుబడి 11 వేల టన్నులను దాటింది. 2002లో చిల్కా మాంట్రో రికార్డు నుంచి బయటపడింది. అదే ఏడాది ఈ కృషికి రామ్‌సర్ పురస్కారం లభించింది.

అయితే చేపలు తిరిగి వచ్చినంత సులభంగా అవి ఎవరివన్న ప్రశ్న తీరలేదు. లాభం మరిగినవారు రొయ్యల పెంపకానికై సరస్సులో ఘేరీలు కట్టారు. 'ఘెరావ్' తెలిసిన పాఠకులకు ఈ మాట అర్థం వేరుగా చెప్పనక్కరలేదు: చుట్టూ వలకట్టి నీటిని ఆక్రమించుకోవడమే. చిల్కా, పులికాట్ సరస్సులకు వెయ్యి మీటర్ల లోపు రొయ్యల చెరువులు కూడదని సుప్రీంకోర్టు 1996లోనే తీర్పు చెప్పింది. ఘేరీలను తొలగించాలన్న మత్స్యకారుల ఆందోళనలో 1999 మే 29న సొరాణ వద్ద పోలీసు కాల్పులకు నలుగురు బలయ్యారు. మొగను యంత్రంతో తెరవవచ్చు. తరతరాల జాలరి హక్కును నిలబెట్టడానికి పరిపాలనకు మరింత పట్టుదల అవసరం. ఈ విషయంలో చిల్కా కథను విజయగాథగా మాత్రమే చెప్పడం న్యాయం కాదు.

ఇసుక కూడా తన స్వభావం మార్చుకోలేదు. 2008లో సముద్రం తనంతట తానే గబకుండా వద్ద మరొక మొగను తెరుచుకున్నది. అందువల్ల మొగ కొలతలు, నీటి ఉప్పదనం ఎప్పటికప్పుడు పరిశీలించవలసి వచ్చింది. ఎగువన మాత్రం సంస్థ మాట చెల్లదు. శివనాథ్‌పై గాని, ఛత్తీస్‌గఢ్‌లోని మహానది ఆనకట్టలపై గాని ఒడిశా సంస్థకు అధికారం లేదు. రెండు రాష్ట్రాల నడుమ ఆ నీటి వివాదంపై విచారణకు కేంద్ర ప్రభుత్వం 2018 మార్చిలో మహానది జలవివాదాల ట్రిబ్యునల్‌ను నియమించింది.