పన్నుకు ఎనిమిది రోజులే

పాలపన్ను చిగురు దాటి బయటపడటానికి ముందు 4 రోజులు, బయటపడిన రోజు, ఆ తర్వాత 3 రోజులు. మొత్తం 8. బిడ్డ చికాకుకు, సొంగకు, ముద్ద నోట్లో పెడితే ఉమ్మేయడానికి పన్ను మీద నెపం వేయగల గడువు ఇంతే. అమెరికాలోని క్లీవ్‌లాండ్ క్లినిక్ వైద్యులు 475 పళ్ల రాకను రోజువారీగా నమోదు చేసి, 2000లో ప్రచురించిన లెక్క ఇది. 20 పాలపళ్లూ విడివిడిగా వచ్చాయనుకున్నా 160 రోజులు. అవి పూర్తిగా రావడానికి పట్టే రెండున్నరేళ్లలో ఇది ఐదో వంతు కూడా కాదు. మనమేమో ఆరో నెల నుంచి మూడో ఏడు దాకా ప్రతిదాన్నీ ‘పళ్లొస్తున్నాయిలే’ ఖాతాలో రాసేస్తాం.

ఆ అధ్యయనంలోనే ఇంతకన్నా పనికొచ్చే సంగతి ఒకటుంది. పన్ను వచ్చే రోజుల్లో గట్టి ఆహారం మీద ఇష్టం తగ్గినట్టు తేలింది. పాలు, నీళ్లు తాగడం తగ్గడానికి మాత్రం పన్నుతో సంబంధం కనబడలేదు. వాంతులకు, విరేచనాలకు, 102 డిగ్రీల ఫారన్‌హీట్ దాటిన జ్వరానికీ అంతే. అంటే తినకపోతే రెండు రోజులు ఓపిక పట్టొచ్చు. తాగకపోతే కారణం వేరే ఉందని వెతకాలి.

ఈ తేడా బురైదాలో ఉన్నవాళ్లకు మరీ ముఖ్యం. సౌదీలోని అల్ ఖసీమ్ ప్రాంతానికి రాజధాని ఇది. చుట్టూ ఎడారి. జులై, ఆగస్టుల్లో పగటి వేడి 43, 44 డిగ్రీలకు చేరుతుంది. విజయవాడ ఉక్కలో చెమట ధారలు కడుతుంది కాబట్టి ఒంట్లో నీరు పోతోందని తెలుస్తుంది. ఇక్కడి పొడిగాలికి చెమట పట్టినంతలోనే ఆరిపోతుంది. ఏసీ గదిలో చల్లగా పడుకున్న బిడ్డకు దాహం ఏమిటనిపిస్తుంది కూడా.

ఎంత తాగాలి? 7 నుంచి 12 నెలల బిడ్డకు పాలు, నీళ్లు, తిండి అన్నిటి నుంచీ కలిపి రోజుకు సుమారు 800 మిల్లీలీటర్ల నీరు అందాలి. అందులో 600 దాకా తాగే రూపంలోనే. సింహభాగం పాలదే. తల్లిపాలలో 87 శాతం నీరే ఉంటుంది, అందుకే ఆరు నెలల లోపు బిడ్డకు ఎంత ఎండల్లోనైనా విడిగా నీళ్లు అక్కర్లేదు. ఆరు దాటాక అమెరికా పిల్లల వైద్యుల అకాడమీ చెప్పే కొలత రోజుకు 120 నుంచి 240 మిల్లీలీటర్లు. వేడి కదా అని సీసాలకు సీసాలు నీళ్లు పడితే పొట్ట నిండి పాలు మానేస్తారు. డబ్బా పాలైతే కలిపిన 2 గంటల్లో వాడేయాలి, బిడ్డ నోరు పెట్టాక గంటే. ఎండలో ఆపిన కారులో ఆ లెక్క కూడా చెల్లదు.

మిల్లీలీటర్లు కొలవలేని తల్లిపాల బిడ్డకు డైపర్లే కొలత. 24 గంటల్లో 6 తడిస్తే నిశ్చింత.

ఇక తిండి. ముందు ఒక ఊరట. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఎదుగుదల పట్టికలో మగబిడ్డ సగటు బరువు పుట్టినప్పుడు 3.3 కిలోలు, ఆరో నెలకు 7.9, ఏడాదికి 9.6. మొదటి ఆరు నెలల్లో 4.6 కిలోలు పెరిగినవాడు తర్వాతి ఆరు నెలల్లో 1.7 కిలోలే పెరుగుతాడు. ఆకలి మునుపటిలా లేదంటే సగం కారణం ఇదే, పన్ను కాదు.

పాలు కాకుండా తిండి నుంచి 6–8 నెలల్లో రోజుకు 200 కేలరీలు, 9–11 నెలల్లో 300 అందాలంటుంది అదే సంస్థ. బిడ్డ పొట్టలో పట్టేది కిలో బరువుకు 30 మిల్లీలీటర్లు. 8 కిలోల పాపకు ఒక పూట 240. ఆ చోటును పల్చటి గంజితో నింపితే పొట్ట నిండుతుంది, బలం రాదు. చెంచా నుంచి జారిపోయేలా కాక దానికి అంటుకునేలా ఉగ్గు కాచి, ఒక టీస్పూను నెయ్యి వేస్తే 45 కేలరీలు కలిసినట్టే. చిగుళ్లు సలుపుతున్న రోజుల్లో వేడి వేడి పప్పన్నం కంటే ఫ్రిజ్‌లోంచి తీసిన గట్టి పెరుగు, మెదిపిన అరటిపండు సుఖంగా దిగుతాయి. ఆగస్టులో ఊరంతా ఖర్జూరాల సంతే. మెత్తటి సుక్కరీ పండును గింజ, తొక్క తీసి మెదిపి కాస్త పెట్టొచ్చు. కాస్తే, అందులో సగానికి పైగా చక్కెర. కొరుక్కుంటుందని ఇక్కడి క్లేజా బిస్కెట్ చేతికివ్వడం మాత్రం వద్దు, ముక్క విరిగి గొంతుకు అడ్డం పడుతుంది. తేనె ఏడాది నిండేదాకా నాకించనే కూడదు.

తాగకుండా, తినకుండా చేసే ఇంకో కారణం ధ్యాస నిలవకపోవడం. అది నాలుగైదు నెలల నుంచే మొదలవుతుంది. తలుపు చప్పుడైనా పాలు వదిలి చూస్తారు. మసక వెలుతురు గదిలో, నిద్రమత్తులో ఉన్నప్పుడు ఇచ్చే పాలు ఎక్కువ తాగుతారు. చెంచా తిండికి 20, 30 నిమిషాలు చాలు. ఆపైన జరిగేది కుస్తీ. ఏడాదిలోపు తెర చూపించవద్దని 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. వీడియో కాల్‌కు అమెరికా అకాడమీ మినహాయింపు ఇచ్చింది కాబట్టి అమ్మమ్మలకు చిక్కు లేదు. కానీ బురైదాలో సాయంత్రం 6 అయితే ఇండియాలో రాత్రి 8:30, సరిగ్గా పాప తినే వేళకే కాల్ వస్తుంది. అరగంట ఆగి చేయమనడమే మేలు. ఫోన్ చూస్తూ మింగే బిడ్డకు కడుపు నిండిందో లేదో తెలియదు.

చిగుళ్లకు రాసే బెంజోకెయిన్ జెల్ రెండేళ్లలోపు వాళ్లకు వాడొద్దని అమెరికా ఔషధ సంస్థ 2018లో హెచ్చరించింది. రక్తం ఆక్సిజన్ మోసే శక్తి పడిపోయే ప్రమాదం ఉంది. పళ్ల కోసమని మెడలో వేసే పూసల దండల మీదా అదే ఏడాది హెచ్చరిక వచ్చింది. శుభ్రమైన గుడ్డ తడిపి ఫ్రిజ్‌లో చల్లబరిచి ఇస్తే చాలు.

6 నుంచి 8 గంటలు డైపర్ పొడిగా ఉన్నా, మాడు గుంట పడినా, ఏడ్చినా కన్నీరు రాకపోయినా ఆస్పత్రికి వెళ్లాలి. విరేచనాలైతే ప్రతిసారీ 50 నుంచి 100 మిల్లీలీటర్ల ఓఆర్‌ఎస్ చెంచాతో పట్టాలి. సౌదీ ఆరోగ్య శాఖ సలహా నంబరు 937, అంబులెన్సుకు 997.